తెల్ల లైట్లకు ఎదురుగా

“తీయనంటే తీయనమ్మా. నా బండి, నా లైట్లు.”

“బండి నీదే. రోడ్డు కూడా నీ అబ్బ సొత్తా?”

మంచం మీద మోకాలికి కాపడం పెట్టుకుంటున్న మా ఆయన, “నా సొత్తు కాదే, నన్ను లాగకండి” అన్నారు.

“రోడ్డు గురించి నువ్వు మాట్లాడకు!” మావాడి గొంతు లేచింది. “మిరపకాయలు రోడ్డు మీద ఆరబోసిందెవరు? చుట్టూ రాళ్ళు పేర్చిందెవరు? నాన్న పడింది నా లైట్ల మీద కాదు, నీ రాళ్ళ మీద.”

మావాడు కారు బాడుగకు తిప్పుతాడు. వాడరేవు బీచికి వెళ్ళే జనాన్ని ఎక్కించుకుని వెళ్ళి చీకటి పడ్డాక తిరిగొస్తుంటాడు. కారుతో వచ్చిన పసుపు లైట్లు చాలడం లేదని జెనాన్ లైట్లు వేయించాడు. వెల్డింగు పెట్టినట్టు నీలంగా, తెల్లగా మండుతాయి. ఇక మా కాయలా, ఊరి బయట తారురోడ్డు అంచున ఆరుతున్నాయి. నల్లరేగడి చేలో చెమ్మ ఆరదు, కల్లానికి బాడుగ పెట్టడం నాకు ఇష్టం లేదు. పొద్దు వాలగానే మా ఆయన మోపెడ్ మీద వెళ్ళి, పట్టాలు కప్పి, అక్కడే పడుకుంటారు.

ఆయనకు ఒక కంట్లో శుక్లం తీశారు, రెండో కంట్లో ఇంకా ఉంది. ఎదురు లైటు పడితే చుట్టూ సూదులు మొలిచినట్టుంటుందనేవారు. ముందురోజు మసకచీకట్లో వాడి లైటు మొహాన కొట్టేసరికి బండిని పక్కకు తిప్పి రాళ్ళ మీదికి పోయారు. మావాడు కారు దిగి, లేపి చూస్తే తండ్రి. అరచేయి చెక్కుకుపోయింది, మోకాలు వాచింది. కన్నుకు తగలలేదు, అంతే.

“నిరుడు బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఆపి జరిమానా రాశాడు గదరా. ఎందుకు రాశాడు?”

“కంపెనీ ఇచ్చినవి కావని.”

“మరి పెద్ద కార్లకు ఉంటాయన్నావే?”

“వాటికి వెలుగుని కిందికి దించే గుండ్రటి అద్దం ఉంటుంది. నాదానికి లేదు.”

“అంటే తెలిసే వేయించావు.”

“ఎదురొచ్చే ప్రతివాడూ అవే వేసుకుని కళ్ళు పొడుస్తుంటే నేనొక్కణ్ణే గుడ్డిదీపం పెట్టుకు తిరగాలా? మొన్న రోడ్డుకడ్డంగా పడుకున్న బర్రె ఈ లైట్ల వల్లే కనబడింది. వెనక సీట్లో పసిపిల్లలున్నారమ్మా.”

ఈలోగా మా ఆయన దుప్పటి భుజాన వేసుకుని లేచారు.

“ఎక్కడికి?”

“కాయల దగ్గరికే. మంచు పడితే రంగు పోయి తాలవుతాయి.”

ఆయన చేతిలోంచి తాళంచెవి లాక్కుని మావాడి చేతిలో పెట్టాను. “ఇవాళ మోపెడ్ నువ్వు తోలు. మీ నాన్న పడ్డచోట నేను నిలబడతా. నా పక్కన తెచ్చి ఆపు. ఆపగలిగితే మళ్ళీ నీ లైట్ల ఊసెత్తను.”

“నీకేమైనా పిచ్చా?”

“కారు లైట్లు ఎదురుగా డిమ్ములోనే వేయించరా. అన్యాయం వద్దు.”

అందరం వెళ్ళాం. మావాడు కారు నిన్న ఆగినచోటే ఆపి, మోపెడ్ తోలుకొచ్చిన కోడలిని లైట్లు వెయ్యమని అందులో కూర్చోబెట్టి, తను మోపెడ్ మీద ఎదురుగా దూరం పోయాడు. నేను కారుకు కాస్త ముందు, రాళ్ళ పక్కన నిలబడ్డాను. “ఏమే, వాడితో పంతాలేంటే, ఇవతలికి రా” అని రోడ్డు అవతల నుంచి మా ఆయన కేకేశారు. నేను తల తిప్పలేదు.

నా వెనక లైట్లు వెలిగాయి. మోపెడ్ మీద వస్తున్న మావాడు చొక్కా బొత్తాలతో సహా నాకు కనబడుతున్నాడు. ఒక చేయి కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు.

“అమ్మా! ఎక్కడున్నావ్?”

నేను పలకలేదు. కాళ్ళు రెండూ నేలకు ఆనించి ఈడ్చుకుంటూ వస్తున్నాడు. వెలుగు తప్పించుకోవాలని హేండిల్ ఎడమకు తిప్పాడు. ఎడమ పక్కన ఉన్నది నేను.

“ఒరేయ్, ఆపరా!” మా ఆయన అరిచారు.

నేను కదల్లేదు. ముందు చక్రం రాయికి కొట్టుకుని ఆగింది. వాడు చేయి చాపి తడుముకుంటే నా భుజం దొరికింది. గట్టిగా పట్టుకున్నాడు.

“పలకవేంటమ్మా!”

“నిన్న మీ నాన్నతో రాళ్ళు పలికాయా?”

కోడలు లైట్లు ఆర్పేసింది. వాడు నా భుజం వదల్లేదు. ఆ రాత్రి కాయల దగ్గర వాడే పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే అద్దంకిలో మెకానిక్ దగ్గరికి వెళ్ళి, పాత బల్బులు పెట్టించుకుని వచ్చాడు. నేనూ కోడలూ అప్పటికి రాళ్ళు తీసేసి, కాయల్ని గంపలకెత్తి బాడుగ కల్లానికి మోస్తున్నాం.

“ఆ తెల్లవి ఏం చేశావురా?”

“మెకానిక్‌కే అమ్మేశా.”

“వాడు ఇంకొకడికి బిగించడానికా? వెనక్కి తీసుకురా.”

“తెచ్చి పారెయ్యనా? డబ్బులు పోసి కొన్నవమ్మా!”

పాత గోనెసంచి పారేస్తేనే నేను ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తానని వాడికి తెలుసు. గంప కిందికి దించాను.

“తీసుకురా.”

వాడు కారు తిప్పుకుని మళ్ళీ అద్దంకి వెళ్ళాడు.