పూజలో ఉన్న మూడో నంబరు లేత్

కరోనా తగ్గిన మరుసటి ఏడు, ఆయుధపూజకు ముందు వారం, హోసూరులో మా ఐటీఐ ప్రిన్సిపాల్ నన్ను పిలిచి జిల్లా ఐటీఐల నైపుణ్య పోటీలకు టైంటేబులు వేసే పని ఇచ్చినారు. నేను వర్క్‌షాపు అసిస్టెంటును. చదివింది ఎనిమిదే గానీ, ఇనుము కోసే లేత్ మిషన్ల మధ్య ముప్పై ఏండ్లు ఉన్నవాణ్ణి. ఈ పోటీలో మొదటొచ్చినోళ్లు చెన్నైకి పోతారు, ఆడ గెలిస్తే జాతీయ పోటీకి ఢిల్లీకి.

పోటీకి మిషన్లు మూకండపల్లిలో ఒక ఫ్యాక్టరీవి. పండుగ సెలవుల్లోనే ఖాళీ కాబట్టి పోటీ విజయదశమినాడు పెట్టినారు. ఎవరికి ఏ మిషనో ముందే చీటీలు వేస్తారు. ఆ మిషను మీద చేయి అలవాటయ్యేదానికి ఒక్కొక్కరికి రెండు గంటలు ఇవ్వాల. అది రూలు.

మూడో నంబరు చీటీ మంజులకు వచ్చె. బాగలూరు పక్క పూలతోట రైతు బిడ్డ, క్రిష్ణగిరి ఐటీఐలో ఆఖరి సంవత్సరం. మా ఐటీఐ పిల్లోణ్ణి ఓడించేది ఎవరైనా ఉంటే ఆ బిడ్డే అని నాకు తెలుసు. మావాణ్ణీ మిగిలినోళ్లనూ ఆయుధపూజకు ముందురోజుకు వేసి, ఆమె పేరు పూజ రోజు పది గంటలకు రాసినాను. ఎనిమిదికే పూజ అయిపోతుంది. పూజలో పెట్టిన మిషన్ను మరునాటి దాకా ఎవరూ తాకరు. కాగితం మీద మాత్రం అందరికీ రెండు గంటలే.

తండ్రీ బిడ్డా పదికి ముందే వచ్చినారు. లేత్‌కు గంధం, కుంకుమ, చేమంతి మాల.

"పూజలో ఉందమ్మా, తాకకూడదు," అంటిని.

"అయితే నా రెండు గంటలు యాడ సార్?"

ఆమె నాయన మునియప్ప మాల చూసి నవ్వె. "మా బాగలూరు చేమంతే కదప్పా! ఏడాదికంతా పూలకు ఇదే పెద్ద బేరం. తోట విడిచిపెట్టి వచ్చింది మా పూలు మేమే చూసుకునేదానికా?"

"సామి పని, నేనేం చేసేదప్పా," అని, వచ్చినట్టు ఒక సంతకం పెట్టమ్మా అని ప్రాక్టీసు రిజిస్టరులో పెట్టించుకున్నాను.

ఆ మిషను చేతిచక్రంలో లూజు ఉండె. వెనక్కి తిప్పితే కొలత చూపే డయల్ మీద గీత జరుగుతుంది, కోసే టూల్ జరగదు. అరగంట పని చేస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. పోటీలో మంజుల డయల్‌ను నమ్మి, టూల్ వెనక్కి వచ్చిందనుకొనె. ఇనుపకడ్డీ కొలత కన్నా సన్నమైపాయె. తీసేసిన ఇనుము మళ్లీ అతకదు. చెయ్యెత్తి జడ్జీకి తానే చెప్పె. "నిన్న మిషను ముట్టనీయలేదు సార్, ఈ సార్‌నే అడగండి."

జడ్జీ నా పక్క చూసె.

"సంతకం ఉంది కదా సార్," అంటిని.

మావాడు గెలిచె. పోయేటప్పుడు మునియప్ప, "మళ్లీ పోటీకి వచ్చేదానికి బిడ్డకు వయసు లేదప్పా," అని ఒక్క మాట అనె. నేను రిజిస్టరు సర్దుకుంటా ఉంటిని.

తర్వాత రెండేండ్లకు రిటైరైనాను. ఆ బిడ్డ ఇప్పుడు యాడుందో విచారించలేదు, అడిగేదానికి మొహం లేదు. టైంటేబులు వేసేవాడు రాసిన గంటలో మిషను తిరుగుతుందా లేదా చూడాల. ఇది ఆ దినం నేర్చుకున్నానంటే అబద్ధం. రాసేటప్పుడే నాకు తెలుసు.