మాస్కు తీయని పిన్ని

మా సైకిల్ షాపులో కొత్త ట్యూబు విప్పితే, ఆ రబ్బరు వాసనకి చిన్నప్పుడు రియాద్‌లో ఇరాక్‌తో యుద్ధం నాటి గ్యాస్ మాస్కులు గుర్తొస్తాయి. కిటికీలకు టేపు అంటించిన మా గదిలోనే ఇరుగుపొరుగంతా దాక్కునేవాళ్ళం. ప్రమాదం తప్పిందని రెండో సైరన్ మోగగానే అందరూ మాస్కులు తీసేసినా, పక్కింటి పిన్ని తీసేది కాదు.

"పిన్నీ, ఇంక ఆ తొండం తీసెయ్! బాంబు ఎప్పుడో పడిపోయింది," అని ఏడిపించేదాన్ని.

"మీ పిన్నికి పిరికితనం ఎక్కువలేవే," అని పక్కింటి బాబాయ్ నవ్వేవాడు. పెద్దలంతా నవ్వేవారు.

ఓరోజు నేనే మాస్కు లాగేశాను. పిన్ని పెదవి చిట్లి ఉంది, ఒక కన్ను వాచి మూసుకుపోయి ఉంది.

"తలుపు తగిలిందమ్మా," అంది పిన్ని.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. అమ్మ నా వీపు మీద ఒక్కటేసి, మాస్కు మళ్ళీ పిన్ని చేతిలో పెట్టింది. నాన్న బాబాయ్‌కి టీ అందించాడు.

ఇరాక్‌ని పొద్దస్తమానం తిట్టిపోసిన ఆ పెద్దమనుషుల్లో, పక్కన కూర్చున్నవాణ్ణి ఒక్క మాట అనే దమ్ము ఒక్కరికీ లేకపోయింది.