పిన్నుకు తీగ కట్టానా?

రేవులో ఆయన్ని అనుమానాల మేస్త్రి అంటారు. అసలు పేరు హాజరుపట్టీలో ఉంటుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆయనే పలకడు. తెరచాప పడవలు బాగుచేసే షెడ్డులో ఇరవై మూడేళ్లుగా పని. పడవ అడుగుకు అంటుకున్న గుల్లలు గీకడం, నాచు పట్టకుండా రంగు వేయడం, నీళ్లు తోడే పంపు విప్పి మళ్లీ బిగించడం, లంగరు గొలుసుకు తుప్పు వదిలించడం, అన్నీ ఆ రెండు చేతులే చేస్తాయి. ఆయన పనికి వంక పెట్టిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. వంక పెట్టేది ఆయనొక్కడే. అదీ పనంతా అయిపోయి, చేతులు కడుక్కుని, గేటు దాకా నడిచాక. అక్కడ టక్కున ఆగిపోతాడు. ఆ నట్టు బిగించానా? వెనక్కి వస్తాడు. శుభ్రంగా బిగించే ఉంటుంది. మళ్లీ గేటు దాకా వెళ్తాడు, మళ్లీ వస్తాడు. గేటు కాపలాదారు కుర్చీలోంచి లేవకుండానే, “మూడోసారా మేస్త్రీ, నాలుగోసారా? లెక్క తప్పాను” అంటాడు.

ఇంట్లోనూ అదే తంతు. తలుపుకు తాళం వేసి, లాగి చూసి, మళ్లీ లాగి చూసి, ఒకసారి మూడోసారి లాగేసరికి గడియే ఊడి చేతిలోకి వచ్చింది. “ఇప్పుడు నెమ్మదిగా ఉందా ప్రాణానికి?” అని అడిగింది భార్య. గ్యాసు కట్టేశామో లేదో అని బస్సు దిగి ఇంటికి పరుగెత్తిన రోజులు లెక్కపెట్టడం ఆమె ఎప్పుడో మానేసింది.

వినేవాళ్లకు నవ్వులాటే. పడేవాడికి తెలుస్తుంది ఆ నరకం. షెడ్డులో చేరిన మొదటి ఏడాది, ఆయన చెయ్యి పెట్టిన ఒక పడవలోకి బయట సముద్రంలో నీళ్లు వచ్చాయి. లోపల ఒక గొట్టానికి బిగించిన క్లిప్పు వదులైందన్నారు. ముగ్గురు మనుషులు ఈదుకుంటూ ఒడ్డున పడ్డారు. ఎవరూ పోలేదు, ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. ఆ క్లిప్పు ఆయన వదులుగా వదిలేశాడో, దానంతట అదే జారిందో ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే ఆయన్ని కాల్చుకు తింది. ఆ రోజు నుంచి నీటి మీద తేలే పడవలో ఆయన కాలు పెట్టలేదు. పడవ గట్టు మీద ఉన్నంతసేపే ఆయనది. నీళ్లలోకి దిగిందంటే అటు చూడటానికి కూడా గుండె ఒప్పదు.

అలాంటి మనిషి కూతురికి పడవ పిచ్చి పట్టింది. ఆమే, ఆమె మొగుడూ కలిసి ఇరవై ఆరు అడుగుల పాత తెరచాప పడవ ఒకటి కొన్నారు. రెండేళ్లు కష్టపడి మేస్త్రే దాన్ని నిలబెట్టాడు. సెలవు వస్తే చాలు, ఇద్దరూ దానిమీదే కాపురం. వాళ్లు తిరిగి వచ్చేదాకా మేస్త్రి కాలుగాలిన పిల్లి. “లంగరు సరిగ్గా పట్టిందా? పంపు పని చేస్తోందా?” అని గంటకోసారి ఫోను. రెండుసార్లు ఉత్తపుణ్యానికి వాళ్లను దారిలోంచి వెనక్కి రప్పించాడు. మూడోసారి కూతురు పడవ ఎక్కలేదు, ఆయన్ని నేరుగా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లింది.

డాక్టరు మంచిది. నవ్వలేదు. “ఒకసారి చూశాక వెనక్కి వెళ్లకండి. భయం వస్తుంది, రానివ్వండి. గంటసేపు ఓర్చుకోండి. దానంతట అదే దిగిపోతుంది” అంది. బయటికి రాగానే కూతురు ఆయన చెయ్యి పట్టుకుని, “నామీద ఒట్టెయ్యి నాన్నా, వెనక్కి వెళ్లనని” అంది. వేశాడు.

మొదటివారం ముచ్చెమటలు పట్టాయి. రెండోవారం గేటు దాటి వీధి మలుపు దాకా వెళ్లగలిగాడు. మూడోవారం ఒకరోజు ఇంటికి చేరేదాకా ఏ నట్టూ గుర్తుకే రాలేదు. ఆ రోజు ఆయన అన్నం తింటుంటే భార్య ఆయన మొహంకేసి చూసి, “ఏంటి, ఈమధ్య వయసు తగ్గుతోందా?” అని ఎత్తిపొడిచింది. నిజంగానే ఏదో బరువు దిగినట్టు ఉంది మేస్త్రికి.

నాలుగోవారంలో కూతురి పడవ లంగరు పని చేశాడు. గొలుసు ఒక కొసన అరుగుతోంది కాబట్టి దాన్ని తిరగేసి, ఇన్నాళ్లూ పెట్టెలో పడున్న కొసను లంగరుకు తగిలించాడు. నీళ్లలోకి ఎంత పొడవు వదిలారో తెలియడానికి పది మీటర్లకొక చోట ఎర్రరంగు పూశాడు. గొలుసునూ లంగరునూ కలిపేది గుర్రపునాడా లాంటి ఒక ఇనుప ముక్క, షాకిలు అంటారు. దాని రెండు కాళ్ల మధ్య మరపిన్ను ఒకటి తిప్పి బిగిస్తారు. ఆ పిన్ను నీళ్లలో తిరిగి తిరిగి ఊడిపోకుండా దాని తలలోని రంధ్రంలోంచి సన్నని ఉక్కు తీగ దూర్చి మెలేసి కట్టేస్తారు. నిమిషం పని. ఆ నిమిషం పని లేకపోతే పడవను పట్టుకునేది ఏదీ లేనట్టే.

సాయంత్రం గేటు దగ్గర అలవాటైన ఆ పోటు వచ్చింది. తీగ కట్టానా? ఒట్టు గుర్తొచ్చింది. పళ్లు బిగపట్టి నడిచాడు. గంట గడిచింది. డాక్టరు చెప్పినట్టే భయం దిగిపోయింది. హాయిగా నిద్రపోయాడు కూడా.

మర్నాడు పొద్దున్నే కూతురూ అల్లుడూ పడవ తీశారు. తెరచాప మీద రెండు గంటల దూరంలో కొండల మధ్య చిన్న అఖాతం ఉంది. అక్కడ లంగరు వేసుకుని రెండు రోజులు ఉంటామన్నారు. మేస్త్రి గట్టు మీద నిలబడి చెయ్యి ఊపాడు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. కూతురు ఆశ్చర్యంగా చూసి, దూరం నుంచే బొటనవేలు ఎత్తి చూపింది.

పదకొండు గంటలవేళ ఇంకో పడవ షాకిలుకు తీగ కట్టాల్సి వచ్చింది. మేస్త్రి బీరువాలోంచి తీగచుట్ట తీశాడు. కొత్తది. పైన కాగితం చుట్టి అలాగే ఉంది. ఆ కాగితం చింపుతుండగా చేతులు ఆగిపోయాయి. పాత చుట్ట పోయినవారమే అయిపోయింది. కొత్తది ఇప్పుడు విప్పుతున్నాడు. మరి నిన్న ఏ తీగతో కట్టినట్టు?

డబ్బాలో తెగిన ముక్కలుంటాయి కదా, వాటితో కట్టి ఉంటాను అనుకున్నాడు. డబ్బా తీసి చూశాడు. నాలుగు ముక్కలున్నాయి. నిన్న ఎన్ని ఉన్నాయో ఎవరికి తెలుసు? పిన్ను చేత్తో తిప్పడం గుర్తుంది. రంగు డబ్బా ఒరిగిపోతుంటే పట్టుకోవడానికి లేవడం గుర్తుంది. తర్వాత చేతులు కడుక్కోవడం గుర్తుంది. మధ్యలో ఏం జరిగిందో ఎంత తవ్వినా దొరకలేదు. ఇదీ ఆ జబ్బేనేమో. ఇరవై మూడేళ్లుగా వేలసార్లు వచ్చిన అనుమానం, ఒక్కసారీ నిజం కానిది. గడియారం చూశాడు. గంట ఓర్చుకుంటే సరిపోతుంది.

ఓర్చుకునేవాడే. కానీ కిటికీలోంచి ఆఫీసు మీది జెండా కనిపించింది. పొద్దున సముద్రం వైపు ఎగిరిన జెండా ఇప్పుడు ఒడ్డు వైపు తిరిగింది. రేడియోలో సాయంత్రానికి గాలి పెరుగుతుందని చెబుతున్నారు. గాలి ఇలా తిరిగితే ఆ అఖాతంలో పడవకు వెనక వైపంతా బండరాళ్లు. 

ఫోను చేశాడు. కూతురు మొదటి రింగుకే ఎత్తింది.

“అమ్మా, లంగరు పిన్నుకు...”

“నాన్నా!” ఆమె గొంతులో కోపం లేదు, జాలి ఉంది. అదే ఆయన్ని చంపేసింది. “ఎంత బాగా ఓర్చుకుంటున్నావు ఇన్ని రోజుల్నుంచీ! ఇదొక్కటి కూడా దాటెయ్. నీకోసమే ఫోను కట్టేస్తున్నాను. ఏమనుకోకు.”

కట్టేసింది. మళ్లీ చేస్తే పలకలేదు.

రేవు గస్తీ పడవ నడిపే సరంగు గట్టు మీద తాడు చుడుతున్నాడు. మేస్త్రికి పాత స్నేహితుడు. రొప్పుతూ వచ్చిన మనిషిని చూసి, “ఏంటి మేస్త్రీ, ఈసారి సముద్రానికి మూత పెట్టడం మరిచిపోయావా?” అన్నాడు.

“నన్ను ఆ అఖాతానికి తీసుకెళ్లు.”

సరంగు నవ్వు ఆపేశాడు. “నువ్వా? పడవలోనా?”

మేస్త్రికి గట్టు అంచు పట్టుకుని, ఒక కాలు పడవలో పెట్టి, రెండో కాలు పెట్టడానికి చాలాసేపు పట్టింది. పెట్టాక కళ్లు మూసుకుని కూలబడ్డాడు. మునక్కుండా ఒంటికి తగిలించిన గాలిచొక్కా బకిలును దారి పొడవునా నొక్కుతూనే ఉన్నాడు.  అయినా నీటి భయం ఇప్పుడు రెండోదే. అనుమానం నిజం కాకూడదు, నన్ను చూసి అందరూ నవ్వాలి, కూతురు నాలుగు తిట్టాలి, అంతే చాలు అని లోపల మొక్కుకుంటూనే ఉన్నాడు.

నలభై నిమిషాలకు అఖాతం వచ్చింది. పడవ అక్కడే ఉంది, ముక్కు గాలికి పెట్టి నెమ్మదిగా ఊగుతోంది. దాని వెనక కొంచెం దూరంలో నల్లటి రాళ్ల మీద నీళ్లు తెల్లగా విరుగుతున్నాయి. మేస్త్రికి పోయిన ప్రాణం లేచి వచ్చింది.

కూతురు మాత్రం భగ్గుమంది. “ఒట్టేశావు నాన్నా! నామీద ఒట్టేశావు!”

“తిట్టమ్మా, ఎంతైనా తిట్టు. ముందు లంగరు చూడనీ.”

అల్లుడు సౌమ్యుడు. “మామయ్యా, పొద్దున ఇంజను వెనక్కి పెట్టి లాగి మరీ చూశాను. బండలా పట్టుకుంది. ముప్పై మీటర్ల గొలుసు వదిలాం. ఇప్పుడు పైకి తీస్తే, వెనక ఆ రాళ్లు చూడండి. తీసినంతసేపూ మనల్ని పట్టుకునేది ఏముంటుంది?”

ఆ మాట నిజమే. లంగరు బాగుందో లేదో చూడాలంటే దాన్ని ఎత్తాలి, ఎత్తితే పడవ రాళ్ల పాలు. చూడకపోతే మాత్రం గాలి ఇంకా పెరుగుతుంది. మేస్త్రి బుర్ర మాత్రం తడబడలేదు. “సీటు కింద రెండో లంగరు ఉంది, ముందు అది వెయ్యండి. సరంగూ, నీ పడవ ముందుకు తెచ్చి తాడు అందుకో. ఇంజను ఆపొద్దు. అప్పుడు గొలుసు ఎత్తుదాం.”

మేస్త్రి గొంతు అంత గట్టిగా ఉండటం కూతురు ఎప్పుడూ వినలేదు. ఏమనుకుందో ఏమో, గబగబా సీటు మూత ఎత్తింది.

రెండో లంగరు దిగింది. సరంగు తాడు బిగిసింది. అల్లుడు గొలుసు చుట్టే గిలక తిప్పడం మొదలుపెట్టాడు. మొదటి ఎర్రరంగు పైకి వచ్చింది. రెండోది వచ్చింది. అక్కడ లోతు ఆరు మీటర్లే కాబట్టి, ఆఖరి గుర్తు దాటాక లంగరు బరువు చేతికి తెలియాలి. పన్నెండు కిలోల ఇనుము, తెలిసి తీరాలి. గిలక మాత్రం ఇంకా తేలికైంది. అల్లుడు తిప్పడం ఆపి మేస్త్రి మొహంకేసి చూశాడు.

“తిప్పు బాబూ” అన్నాడు మేస్త్రి. 

గొలుసు కొస పైకి వచ్చి పడవ ముక్కుకు టంగుమని తగిలింది. దాని చివర ఏమీ లేదు.

గాలి తిరిగినప్పుడు పడవా తిరిగింది, గొలుసు మెలి పడింది, పిన్ను ఊడింది. అప్పటినుంచీ వాళ్లను పట్టుకుని ఉన్నది కింద ఇసుకలో పడున్న ఉత్త గొలుసు బరువే. దాని భరోసాతోనే ఇద్దరూ టీ పెట్టుకుని తాగారు. సరంగు అవతలి పడవలోంచి రాళ్ల వైపు చూసి, “గాలి ఇంకొంచెం పెరిగుంటే...” అని, మిగతాది మింగేశాడు.

అల్లుడు మేస్త్రి రెండు చేతులూ పట్టుకున్నాడు. “మామయ్యా, మీ అనుమానం మా ప్రాణాలు కాపాడింది.”

ఆ మాటతో సరిపెట్టుకోవచ్చు. ఊరంతా ఆయన్ని నెత్తిన పెట్టుకునేది. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు.

“అనుమానం కాదు బాబూ. తీగ కట్టలేదు. నేనే కట్టలేదు.”

 కూతురు గొలుసు కొసనే చూస్తోంది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండేది. ఆమె, “గేటు దగ్గర నీకు అనిపించింది కదా నాన్నా, వెళ్లి చూడాలని” అంది.

“అనిపించింది.”

“నా ఒట్టు వల్ల వెళ్లలేదు.”

“కట్టాల్సింది నేనమ్మా. ఒట్టుదేం ఉంది ఇందులో.”

సరంగు పడవ తాడుతో లాగుతుండగా తిరుగు ప్రయాణం కట్టారు. మేస్త్రి కూతురి పడవలోనే కూర్చున్నాడు. బయటికి రాగానే అలలు పెద్దవయ్యాయి. లంగరు పోయినా రెండో లంగరు చేతిలో ఉంది, తాడు కొత్తది, ఇంకో గంటన్నరలో రేవు. భయపడాల్సింది ఏమీ లేదని ఆయనే తనకు చెప్పుకున్నాడు.

కూతురు లేచి రెండో లంగరు దగ్గరకు వెళ్లి, దాని పిన్నుకున్న తీగను వేలితో తడిమి వచ్చింది. కూర్చుంది. మళ్లీ లేచి, తెరచాప కొయ్యను పట్టి ఉంచే తీగల దగ్గర ఒక్కో పిన్నూ ముట్టుకుని చూసింది. వచ్చి కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది.

“ఆ లంగరుకు తీగ ఉంది కదా నాన్నా?”

“ఉందమ్మా. నువ్వే చూశావు కదా.”

“చూశాను.” మళ్లీ లంగరు వైపు తిరిగింది. “చూశాను కదా?”

 ఇరవై మూడేళ్లు తన మాట ఎవరూ నమ్మడం లేదని, తన భయం ఒక్కరికైనా అర్థమైతే బాగుండునని ఏడ్చిన మనిషి మేస్త్రి. ఇప్పుడు ఆ భయమే కూతురి కళ్లలో కనిపిస్తుంటే, దాన్ని వెనక్కి లాక్కోవడానికి ఏదైనా దారి ఉందా అని చూశాడు. ఏం చేసినా పొద్దున గట్టు వైపు బొటనవేలు చూపించిన పిల్ల మళ్లీ రాదు.

ఆమె మూడోసారి లేచింది. కూర్చోమ్మా, ఏం కాదు అని చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు. కానీ ఆ పిన్ను తనూ ఒకసారి చూడకుండా ఉండలేక, తాడు పట్టుకుని ఆమె వెనకే నడిచాడు.