మూడు రోజులూ అదే అంకె

గత ఆదివారం బేస్‌మెంట్ తలుపు తీయగానే వేయించిన బార్లీ వాసన మెట్ల మీదికి వచ్చింది. ఆరేళ్ల కిందట ఒక ఏప్రిల్ ఉదయం ఇదే వాసన ఇల్లంతా నిండింది. ఆ రోజు నేను చేసిన బీరు సీసాలు ఒకదాని వెంట ఒకటి పేలాయి. నా భార్య సుజాత యాభయ్యో పుట్టినరోజుకు అప్పటికి రెండు రోజులే ఉంది.

చప్పుడు విని పక్కింటి రాజ్యం గారు వచ్చారు. చలికోటు తొడుక్కుని, కళ్లకు ల్యాబ్ అద్దాలు పెట్టుకుని, నన్ను మెట్ల మీదే ఆపి తానే కిందికి దిగారు. సీసాల పెట్టె మీద మందపాటి బొంత కప్పారు.

“ఎన్నాళ్లు పులియబెట్టారండీ?”

“రెండు వారాలు.”

“స్ట్రాంగ్ బీరుకి రెండు వారాలా? అయిపోయిందని ఎవరు చెప్పారు?”

“బుడగలు ఆగిపోయాయి కదండీ.”

“మా ఆయన గురక కూడా మధ్యలో ఆగుతుంది. లేచినట్టా?”

హైదరాబాద్‌లో ఒక దినపత్రిక డెస్క్‌లో పద్దెనిమిదేళ్లు పనిచేసినవాణ్ణి నేను. వేళకు పేజీ వదలడం తప్ప వేరే విద్య రాదు. సుజాతకు కార్ల కంపెనీలో ఉద్యోగం రావడంతో అమెరికాలోని నోవై అనే ఊరికి వచ్చాం. ఏం చేస్తుంటారని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి నాకేమీ ఉండేది కాదు. ఆ పుట్టినరోజుకు ఆమె స్నేహితుల ముందు, నా చేత్తో చేసింది ఒక్కటి పెట్టాలనుకున్నాను. బీరు చేయడం రాజ్యం గారే నేర్పారు. ఆమె కార్ల రంగులు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఏడాదికి రెండుసార్లు బీరు చేసేవారు. తాగేది మాత్రం శనివారం సాయంత్రం, వేయించిన పల్లీలతో, చిన్న స్టీలు గ్లాసుడు. ఫిబ్రవరిలో ఆమెను అడగకుండానే నేను సీసాలు నింపేశాను. పేజీకి వేళైంది, వదిలేశాను, అంతే.

గాజుముక్కలు ఊడ్చాక ఆమె మెట్టు మీద కూర్చుని చెప్పారు. చలికి బేస్‌మెంట్‌లో ఈస్ట్ నిద్రపోయింది. చక్కెర మిగిలే ఉంది. ఎండలు రాగానే ఈస్ట్ లేచి, మూత బిగించిన సీసాలో పని మొదలుపెట్టి గ్యాస్ నింపింది. హైడ్రోమీటర్ అనే గాజుగొట్టం బీరులో తేలుతూ మిగిలిన చక్కెరను అంకెగా చూపిస్తుంది; చక్కెర తగ్గేకొద్దీ అంకె దిగుతుంది. స్ట్రాంగ్ బీరును మూడు వారాలు కదపకూడదు. ఆ తర్వాత వరసగా మూడు రోజులు అదే అంకె రావాలి. వచ్చినా నమ్మకుండా జాడీని వెచ్చని చోట పెట్టి మళ్లీ కొలవాలి. సీసాల్లో పోశాక ఇంకో ఆరు నెలలు.

“ఆవకాయని మూడో రోజు తిరగకలపకుండా తింటారా మీరు?” అన్నారు.

పుట్టినరోజున తను ఏడాది కిందట చేసిన సీసాలు ఆరు తెచ్చారు. వంటింట్లో మెల్లగా, “మీ పేరే చెప్పుకోండి. నేను మాట్లాడను” అన్నారు. చెప్పుకుందామనే అనిపించింది. మొదటి గుక్క తాగి సుజాత, “నువ్వు చేసిందేనా?” అని అడిగింది.

“కాదు. రాజ్యం గారిది. నాది పేలిపోయింది.”

అందరూ నవ్వారు. నాకు ఆశ్చర్యంగా, హాయిగా అనిపించింది. ఆ రోజు నుంచి రాజ్యం గారు నన్ను ‘ఎడిటర్ గారూ’ అని పిలవడం మొదలుపెట్టారు.

ఇప్పటికీ ఏదైనా సద్దుమణిగితే అయిపోయిందనుకోను. మా అమ్మాయి వాదన ఆపేసి గదిలోకి వెళ్తే, మూడు రోజులు పోయాక మళ్లీ అడుగుతాను. సగం సార్లు అసలు మాట అప్పుడే బయటికి వస్తుంది.

మొన్న శీతాకాలంలో రాజ్యం గారు, వాళ్లాయన దూరాన షాంటిలీ అనే ఊళ్లో ఉన్న కొడుకు దగ్గరికి మారిపోయారు. పులుస్తున్న జాడీని కార్‌లో తీసుకెళ్లలేక నాకు వదిలారు. చివరికి దిగాల్సిన అంకె అని మూత మీద ఆమె చాక్‌తో రాసింది 1.020. మూడు వారాలుగా నాకు 1.024 దగ్గరే ఆగింది. వెచ్చని గదిలోకి మార్చాను, కదలలేదు. ఫోన్ చేశాను.

“ఆగినట్టా, నిద్రపోయినట్టా అండీ?”

“జాడీ మీ ఎదురుగా పెట్టుకుని నన్నడుగుతారేంటి ఎడిటర్ గారూ?”

సుజాత పుట్టినరోజు మళ్లీ వస్తోంది. సీసాలు కడిగి బోర్లించి ఉంచాను. ఈ ఉదయం కొలిస్తే 1.023.