చద్ది తాగి ఆపరేషనుకు పోయిన రోజు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. శ్మశానం పక్క పొలంలో పట్టపగలు గంట సేపు కునుకు తీసి, రాత్రంతా అక్కడే పడుకున్నానని ఊరంతా చెప్పుకున్నవాణ్ని. ఇంకో సంగతి కూడా ముందే ఒప్పుకుంటాను. నేను ఏది చెప్పినా పెంచి చెబుతాను. పిల్లి ఎదురైతే చిరుతపులి అంటాను. చదివేవారు ఎక్కడికక్కడ తగ్గించుకోవాలి.

యుద్ధం నడుస్తున్న రోజులు. బస్సులు బొగ్గుతో నడిచేవి. నేను నరసరావుపేటలో బడిపంతులుగా ఉన్నాను. నా భార్య రాహేలు చనిపోయి అప్పటికి మూడేళ్లు.

ఆ ఏడు నా మెడ వెనక ఒక కంతి లేచింది. మొదట కందిగింజంత, తర్వాత నిమ్మకాయంత. నేను మాత్రం కొబ్బరికాయంత అని చెప్పుకునేవాణ్ని. ఆసుపత్రిలో డాక్టరుగారు నొక్కి చూసి, కోసి తీసేద్దాం, పొద్దున వస్తే సాయంత్రానికి ఇంటికి పోవచ్చు అన్నారు. స్నానం చేసి ఉతికిన బట్టలతో రావాలి. తిరిగి తీసుకుపోవడానికి మనిషి తోడుండాలి. ముందు రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకూడదు. ఈ చివరిది రెండుసార్లు చెప్పారు.

తోడుకు మా అక్క ఈపూరు నుంచి వచ్చింది. ఆమె గొంతు ఎత్తితే ఈపూరులో ఉన్నా పేటకు వినిపిస్తుంది.

మా పల్నాటి వైపు పొద్దున్నే తాగే చద్దిని ఎవరూ తిండిగా లెక్కపెట్టరు. పొయ్యి మీద కొత్తగా కుండ ఎక్కి దిగితేనే అది అన్నం. రాత్రి మిగిలిన జొన్నన్నంలో మజ్జిగ పోసి పిసికితే అది మంచినీళ్లతో సమానం. పైగా కత్తికి ఒళ్లప్పగించబోయేవాణ్ని ఉత్త కడుపుతో గడప దాటనివ్వడం మా అక్క దృష్టిలో మహాపాపం.

"డాక్టరు వద్దన్నాడక్కా" అన్నాను.

"నేనేమన్నా విందు పెట్టానా ఏందిరా? చద్దేగా. తాగు."

రెండు ముంతలు తాగాను. పెంచడం లేదు, రెండే.

ఆసుపత్రిలో నన్ను లోపలికి తీసుకుపోయిన నర్సమ్మ మాచర్ల నుంచి కొత్తగా వచ్చింది. పేటకు వచ్చి నెల కూడా కాలేదు. ఏమైనా తిన్నారా అని అడిగింది. నిన్న పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు తల్లీ అన్నాను. వరండాలో బల్ల మీద కూర్చున్న అక్క నిజమేనన్నట్టు తలూపింది.

మెడ వెనక గొరిగారు. గుడ్డ కట్టి బల్ల మీద పడుకోబెట్టారు. క్లోరోఫారం వాసన అప్పుడే ముక్కుకు తగులుతోంది. ఇంతలో నర్సమ్మ తలుపు దగ్గరికి పోయి, తిరిగి వచ్చి నా మీదికి వంగింది.

"చద్ది తాగారంట గదా పంతులుగారూ?"

"ఎవరన్నారు?"

"మీ ఇంటావిడే. రెండు ముంతలు తాగాడమ్మా, ఆయన మాటలు పదిపాళ్లలో ఒక పాలే నమ్మండి అని చెప్పి పోయింది."

సన్నగా ఉందట. నీలం చీరట. చూపుడువేలు ఆడిస్తూ చెప్పిందట. ఆ వేలికి గోరు లేదట. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి నా వంక ఒకసారి చూసిందట.

రాహేలు వేలు మా పెళ్లయిన ఏడాది తిరగలి కింద నలిగింది. గోరు మళ్లీ రాలేదు. ఇక ఆ పదిపాళ్ల మాట మా ఇంటికి వచ్చిన ప్రతి మనిషికీ మంచినీళ్లతో పాటు ఇచ్చేది.

నేను బల్ల దిగి వరండాలోకి పరుగెత్తాను. జనం ఉన్నారు. రాహేలు లేదు.

"అక్కా, ఇటు ఎవరన్నా వచ్చారా?"

"ముందు ఆ గుడ్డ సరిగా కట్టుకోరా, జారిపోతంది! ఎవరూ రాలా. నేనీడే కూర్చోనున్నా."

చద్ది సంగతి అక్క చెప్పి ఉంటుందా? తన తప్పు తాను చెప్పుకునే మనిషి కాదు. డాక్టరుగారు మమ్మల్నిద్దర్నీ చెడామడా తిట్టారు. మత్తులో ఉండగా కడుపులోది గొంతుకు అడ్డం పడితే అక్కడికక్కడే ప్రాణం పోతుందట. వారం తర్వాత రమ్మన్నారు.

ఆ వారంలో నర్సమ్మను అక్క ముందే మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ అదే చెప్పింది. నా మీసం మీద మెతుకు చూసి ఎవరో కనిపెట్టారనుకుందామన్నా, రెండు ముంతలని ఎట్లా తెలుస్తుంది? గోరు మాటేమిటి? అన్నిటికన్నా నన్ను కోసింది ఇంకొకటి. మూడేళ్లుగా నాకు కలలో కూడా కనిపించని మనిషి, ముక్కూ మొహం తెలియని నర్సమ్మకు కనిపించింది. నేను పది అడుగుల దూరంలోనే ఉన్నాను.

వారం తిరిగింది. అక్క అటక మీద దాచిన చద్దికుండను నేనే దించాను. ఆకలై కాదు. తాగి, తాగలేదని చెబితే రాహేలు మళ్లీ వస్తుంది. రాకపోతే నేనే ఆమె దగ్గరికి పోతాను. రెండు విధాలా లాభమే అనిపించింది. ముంత పెదవులకు ఆనించాను.

వెనక అక్క నిలబడి ఉంది. ఆమె గొంతు అంత చిన్నగా పలకగలదని నాకు అప్పుడే తెలిసింది.

"ఒరేయ్, నిన్ను బతికించుకోను వచ్చిందిరా అది. మళ్లీ తిప్పమాక దాన్ని."

ముంత దించాను.

ఆసుపత్రిలో నర్సమ్మ అడిగితే ఏమీ తినలేదన్నాను, అంతే. ఒక్క మాట కూడా పెంచలేదు. ఆమె తలుపు వైపు చూసింది. నేనూ చూశాను. వరండాలో ఎండ తప్ప ఏమీ లేదు. మత్తుగుడ్డ ముక్కు మీద పెట్టి లెక్కపెట్టమన్నారు. ఏడు దాకా గుర్తుంది. తలుపు వైపే చూస్తున్నాను.

లేచాక తల దిమ్ము, రెండు వాంతులు. సాయంత్రానికి జట్కాలో ఇంటికొచ్చాం. కుట్టు మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ రోజు చద్ది మాట చెప్పిపోయిందెవరో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇందులో నేను కల్పించింది ఏదో చెప్పాలి. గోరు నిజం, పదిపాళ్ల మాట నిజం, రెండు ముంతలూ నిజం. వెళ్తూ వెనక్కి తిరిగి నా వంక చూసిందని నర్సమ్మ చెప్పలేదు. ఆవిడ మిమ్మల్ని చూసిందా అంటే నాకు తెలియదు పంతులుగారూ, చెప్పి వెళ్లిపోయింది అంది. చూసిందన్నది నేను పెట్టుకున్నాను.