యాదగిరి మామ దరువు, నా ఎడమ తొడ

పండగ ముందు మా ఆవిడ ఇత్తడి కుందులకు చింతపండు రాయడం మొదలుపెడితే చాలు, ఆ పుల్లటి వాసన బీరంగూడలోని మా మూడో అంతస్తు వంటింట్లోంచి బయల్దేరి, హాలు దాటి, సోఫా ఎక్కి, వచ్చి నా ఎడమ తొడ మీద కూర్చుంటుంది. తొడ అక్కడికక్కడే మొద్దుబారిపోతుంది. డాక్టర్లకు చూపించాను. ఒకాయన షుగర్ అన్నాడు, ఇంకొకాయన వెన్నుపూస అన్నాడు, మూడో ఆయన నన్ను ఆ గోడ నుంచి ఈ గోడకు నడిపించి చూసి, నేను పుట్టినప్పటి నుంచీ తప్పుగానే నడుస్తున్నానని తేల్చాడు. బ్యాండ్ మేళం వల్ల వచ్చే జబ్బుల గురించి వాళ్ల పుస్తకాల్లో ఉండదు కాబట్టి, నేనూ అసలు సంగతి చెప్పలేదు.

ఎండాకాలం సెలవులకు మా అమ్మ నన్ను బొంతపల్లిలో అమ్మమ్మ దగ్గర దింపి వెళ్లేది. పొద్దున్నే జొన్న గటక, పచ్చిమామిడి తొక్కు, మధ్యాహ్నం ముంజలు, సాయంత్రం వీరభద్రుడి గుడి దగ్గర గోలీలాట, ఈ మూడింటి మధ్య దొరికిన సందులోనే మాకు దెబ్బలు తగిలేవి, మానేవి. గాలి బొల్లారం కంపెనీల వైపు నుంచి వీస్తే కుళ్లిన కోడిగుడ్ల కంపు కొట్టేది, కాస్త తిరిగి పటాన్‌చెరు వైపు నుంచి వీస్తే దగ్గు మందు వాసన వచ్చేది. మా అమ్మమ్మ అరుగు మీద కూర్చుని, నోట్లో తమలపాకు ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చుకుంటూ, ఒక్కసారి ముక్కు ఎగబీల్చి ఇయ్యాల వాన పడదని చెప్పేది. ఆమె మాట మీద నమ్మకంతో మబ్బులు కూడా వెనక్కి పోయేవి.

అన్నింటికన్నా మాకు ప్రాణం ఎర్ర కోట్లు తొడుక్కునే బ్యాండ్ మేళం. పెండ్లి పొద్దున మేళంవాళ్లు బోరింగు దగ్గర గుండ్రంగా కూర్చుని, బాకాలకు చింతపండు, బూడిద కలిపి రుద్దేవారు. ఆ మెరుపుకు పక్క ఊళ్లో కోళ్లు తెల్లారిందనుకుని రెండోసారి కూసేవి. మాస్టర్ మౌలాలి క్లారినెట్ ఎత్తి బుగ్గలు పూరిస్తే, ఆ బుగ్గల వెనక ఆయన చెవులు కనిపించేవి కావు. మేమూ ఒక మేళం పెట్టుకున్నాం. బొప్పాయి కాడలు బాకాలు, డాల్డా డబ్బా డ్రమ్ము. అయితే అసలు మేళాన్ని సరిగా చూసే భాగ్యం మాత్రం నాకు ఏనాడూ దక్కలేదు. జనం కాళ్ల సందులోంచి చూశాను, పాక మీంచి చూశాను, ఒకసారి మేకల మందలో ఇరుక్కుని చూశాను. ఎప్పుడు చూసినా ముందు ఎవరిదో ఒకరి వీపు ఉండేది.

ఆ మేళంలో సైడ్ డ్రమ్ము మా యాదగిరి మామది. అమ్మకు సొంత తమ్ముడు. మామ పుల్లలు ఆడించాడంటే చేతులు కనిపించేవి కావు, పొగ కనిపించేది. అలాంటి మామ రెండు జాతరల పాటు ఒకే పిల్లను చూస్తూ దరువు తప్పాడు. ఆ పిల్ల తండ్రి నర్సింలు బొల్లారంలో మందుల కంపెనీలో సూపర్‌వైజర్. ఆయన మా అమ్మమ్మ అరుగు మీద కూర్చుని, ఇచ్చిన చాయ్ ముట్టకుండా ఒకటే మాట చెప్పాడు.

“పర్మినెంటు నౌకరి నేనిప్పిస్త. పిల్లనిస్త. కాని ఇగ డ్రమ్ము ముట్టొద్దు. పెండ్లినాడు ముట్టినా సరే, కండ్ల వడ్డదంటే బండి గట్లనే ఎన్కకు తిప్పుతరు మావోళ్లు.”

మామ సరే అన్నాడు. చాయ్ చల్లారిపోయింది. ఆ రోజే డ్రమ్మును మౌలాలికి ఇచ్చేసి వచ్చి, గోడకు మొహం పెట్టి పడుకున్నాడు. ఆ తరువాత పసుపు రాసేదాకా ఇంట్లో మామ సంతోషంగా ఉన్నాడో లేదో ఎవరికీ తెలియలేదు. అడిగితే బాగనే ఉన్న అనేవాడు.

పెండ్లికొడుకు పక్కన ఒక పిల్లవాణ్ని ముస్తాబు చేసి కూర్చోబెట్టడం మా వైపు ఆనవాయితీ. తోడు పెండ్లికొడుకు అంటారు. ఆ పదవి నాకు వచ్చింది. నాకూ కొత్త బట్టలు, కాటుక చుక్క, నుదుట బాసింగం. అంతకన్నా గొప్ప సంగతి ఏమిటంటే, మేళం నాలుగడుగులకోసారి ఆగి, వెనక్కి తిరిగి, పెండ్లికొడుకు మొహం చూస్తూ వాయిస్తుంది. అంటే నా మొహం చూస్తూ కూడా. కిరాయికి తెచ్చిన టాపులేని జీపులో మామకు కుడిపక్కన కూర్చున్నాను. ముందు ఎవరి వీపూ లేదు. హైదరాబాదు నిజాము కూడా అంత మంచి చోట కూర్చుని మేళం విని ఉండడు.

పిల్ల ఊరి పొలిమేరలో ఎదురుకోళ్లు అయ్యాయి. ఆడపెండ్లివాళ్లు బెల్లం పానకం ఇచ్చారు, నర్సింలు వచ్చి జీపు పక్కనే నడవడం మొదలుపెట్టాడు. పందిరి చేరేదాకా పెండ్లికొడుకు కాలు నేల తాకకూడదు. మేళం ఆగింది, తిరిగింది, ఎత్తుకుంది.

మామ చోట్లో వచ్చిన కొత్తాయన దరువు ఒకటి పటాన్‌చెరులో పడితే, రెండోది జహీరాబాదులో పడింది. బాకాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మౌలాలి క్లారినెట్ తీసి ఊపిరి పీల్చుకుని మళ్లీ పెట్టాడు. ఆడపెండ్లి వైపు ముసలామె ఒకతి, పిల్ల ఇంటికి వస్తున్నారా, పీనుగ వెంట పోతున్నారా అని అడిగింది. నవ్వులు లేచాయి. నర్సింలు మాత్రం నవ్వలేదు. ఆయన కళ్లు మామ చేతుల మీదే ఉన్నాయి.

పెండ్లికొడుకు నిమ్మకాయ గుచ్చిన కటారు కుడిచేత పట్టుకోవాలి. మామ దాన్ని ఎడమచేతికి ఎప్పుడు మార్చాడో నేను చూడలేదు. కుడిచెయ్యి వచ్చి నా ఎడమ తొడ మీద పడింది. జీపు రేకు మీద వాయిస్తే చప్పుడవుతుంది, తొడ చప్పుడు చేయదు. మొదట ఒక వేలు, తరువాత నాలుగు వేళ్లు, తరువాత వడగళ్ల వాన. మౌలాలి చూశాడు. కొత్తాయన పక్కటెముకల్లో మోచేత్తో ఒక్కటి పొడిచి, కనుబొమతో నా తొడ చూపించాడు. కొత్తాయన నా తొడను చూస్తూ వాయించడం మొదలుపెట్టాడు. దరువు కుదిరింది. బాకాలు ఎవరి చోటికి అవి వెళ్లాయి. ముసలామె నోరు మూసుకుని చప్పట్లు కొట్టింది. ఎర్ర కోట్లన్నీ నా తొడ వైపే చూస్తున్నాయి.

“తిమ్మిరెక్కిందార?” అన్నాడు మామ, పెదవులు కదపకుండా.

“ఎక్కింది మామా.”

“జెర ఓర్సుకో. ఇదే ఆఖరు.”

నేను ఓర్చుకున్నాను. కొద్దిసేపటికి ఓర్చుకోవడానికి కూడా అక్కడ ఏమీ మిగలలేదు. నా ప్రియమైన మేళం ఎదురుగా వాయిస్తుంటే, నేను కటారు మొన మీద నిమ్మకాయను చూస్తూ కూర్చున్నాను. ఏం పాట వాయించారో ఇప్పుడు అడిగితే చెప్పలేను. పందిరి దగ్గర నన్ను జీపులోంచి సంచి దింపినట్టు దింపారు. నర్సింలు వచ్చి నా తల నిమిరి, అల్లుడికి మేనల్లుడంటే ఎంత ప్రేమో, దారి పొడుగునా తొడ తడుతూనే ఉన్నాడని నలుగురికీ చెప్పాడు. పోయేదాకా ఆయన అదే నమ్మాడు. ఆ మధ్యాహ్నం వంకాయ కూర, పప్పుచారు, బూందీ లడ్డు తిన్నానట. అమ్మ చెప్పింది.

మామ మళ్లీ డ్రమ్ము ముట్టలేదు. కంపెనీ బస్సులో పోయాడు, వచ్చాడు, రిటైరయ్యాడు. మౌలాలి పోయాడు. ఎర్ర కోట్లలో ఒకటి మాత్రం గుమ్మడిదల దారిలో మక్క చేన్లో దిష్టిబొమ్మకు తొడిగి ఉండగా చాలా ఏళ్లు చూశాను. బొత్తాలన్నీ సరిగ్గానే పెట్టారు. ఇప్పుడు ఆ చేను కూడా ప్లాట్లయింది.

మొన్న సంగారెడ్డి రోడ్డు మీద ఫంక్షన్ హాల్లో మామ మనవరాలి పెండ్లి. పెద్దమనుషులమని మామనూ నన్నూ ముందు వరుస సోఫాలో కూర్చోబెట్టారు. మా ఎదురుగా డీజే బాక్సులు, ఒక్కొక్కటి మా పాత ఇంటంత ఉంది. ఆ మోతకు నా పళ్లలో నింపిన సిమెంటు కదిలింది. మామ చెయ్యి ఆయన మోకాలి మీద ఊరికే ఉంది. షుగరొచ్చాక ఆ వేళ్లకు స్పర్శ లేదు, చాయ్ గ్లాసు వేడో చల్లో పెదవులు చెప్పాలి. నేను ఆ చెయ్యి తీసి నా ఎడమ తొడ మీద పెట్టాను. చాలాసేపు చూశాను. అది పెట్టినచోటే ఉంది.

“తెలుస్తుందా మామా?” చెవి దగ్గర నోరు పెట్టి అడిగాను.

“ఏం తెలుస్తలేదుర. నీకో?”

“నాకు సుత తెలుస్తలే.”

మామ తలూపాడు. అత్త వచ్చి భోజనాలకు లేవమంది. తిమ్మిరి విడిచాక వస్తామన్నాడు మామ. బంతులు లేచాయి, చేతులు కడిగారు, బాక్సులు ఆపి వైర్లు చుట్టుకున్నారు. మేం ఇంకా కూర్చునే ఉన్నాం. చెయ్యి తీయమని ఆయనకు నేను చెప్పలేదు, తీయాలని ఆయనకూ తోచలేదు.