శుక్రవారం మధ్యాహ్నం రంగు మారిన వీధి

పరీక్షలకు చదువుకుందామని గురజాలలో మా ఇంటికి వచ్చి నాలుగు రోజులైందో లేదో, ఖాసిం మామ దగ్గర్నుంచి కార్డు వచ్చింది. "మునిసిపాలిటీ వాళ్ళు మా వీధి మొదట్లో ఇంగ్లీషు కాగితం అంటించారు. దుకాణాలు ఎత్తేయాలంట. అభ్యంతరాలకి గడువు గురువారం సాయంత్రం అయిదింటి దాకానంట. చదివేవాళ్ళు లేరు. నువ్వు రావాల." హైస్కూలు చదివిన మూడేళ్ళూ నేను ఆ టౌనులో ఖాసిం మామ ఇంటి ముందు గదిలోనే ఉన్నాను. బండి చక్రాలకు ఇనుప పట్టాలు వేయడం ఆయన వృత్తి. ముందు భాగం కొలిమి, వెనక భాగం కాపురం. దుకాణం ఎత్తేయడమంటే సగం ఇల్లు ఎత్తేయడమే. ఆ వ్యవహారం ఇంకా తేలలేదు గనుక టౌను పేరు ఇక్కడ రాయడం లేదు.

గురువారం ఉదయం ఆరు గంటలకు గురజాలలో బస్సెక్కాను. టిక్కెట్టు పన్నెండణాలు. యుద్ధం వల్ల పెట్రోలు దొరక్క బస్సులన్నీ బొగ్గు గ్యాసు మీదే నడుస్తున్నాయి. వెనక సీట్లో కూర్చోవద్దు. బొగ్గు పొయ్యి సెగకు వీపు కమిలిపోతుంది. పిడుగురాళ్ళలో పొయ్యి మళ్ళీ రాజేయడానికి అరగంట ఆగాం. దారి పొడుగునా మిరప కళ్ళాలు ఎర్రగా ఎండుతున్నాయి. నేను మాత్రం ఒళ్ళో కాగితం పెట్టుకుని అర్జీకి వాక్యాలు కూర్చుకుంటున్నాను. 'అనాదిగా', 'జీవనాధారం', 'అభ్యంతరం' అనే మాటలు రాస్తుంటే ఏదో బలం వచ్చినట్టనిపించింది. డ్రైవరు వెనక్కి తిరిగి, "ఏంది అబ్బాయ్, బస్సులో పరీక్ష రాస్తన్నావా?" అన్నాడు. మునిసిపాలిటీలో పనుందని, సాయంత్రానికి తిరిగి వెళ్ళాలని చెప్పాను. "మునిసిపాలిటీలో పని పెట్టుకుని సాయంత్రానికి తిరిగొస్తావా? నీది చానా పెద్ద ఆశ," అని నవ్వాడు.

పదింటికి దిగి నడిచి వీధికి చేరాను. బస్టాండు నుంచి పది నిమిషాల నడక. వీధిలో పదకొండు ఇళ్ళు. ఒకరు ఇత్తడి గిన్నెలకు కళాయి వేస్తారు, ఒకరు రేకు లాంతర్లు చేస్తారు, మరొకరు నాగలి కర్రులు సాగదీస్తారు. కోటప్పకొండ శివరాత్రి తిరునాళ్ళకు పది రోజులే ఉండడంతో ఖాసిం మామ ఇంటి ముందు చక్రాలు గోడ పొడుగునా ఆనించి ఉన్నాయి. నేల మీద ఇనుప పట్టాను గుండ్రంగా పరిచి, చుట్టూ పిడకలు పేర్చి కాలుస్తున్నారు. అది ఎర్రగా కాలాక నలుగురు పట్టకార్లతో ఎత్తి చెక్క చక్రం మీద దించి, ఒక్కసారిగా నీళ్ళు పోశారు. పట్టా బిగుసుకుంటూ మూలిగింది. ఆ ఆవిరిలోంచే మామ బయటికొచ్చి, "ముందు ఆ కాగితం చదువు అల్లుడా, తర్వాత అన్నం," అన్నాడు.

చదివాను. టౌనును ముక్కలుగా విడగొట్టి ఏ ముక్కలో కాపురాలుండాలో, ఏ ముక్కలో బజారుండాలో, ఏ ముక్కలో కార్ఖానాలుండాలో ముందే నిర్ణయించే పథకమట. ఈ వీధి కాపురాల ముక్కలో పడింది. అందువల్ల ఇక్కడి 'అఫెన్సివ్ ట్రేడ్స్' ఆరు నెలల్లో పడమటి పొలాల్లోకి మారిపోవాలి. ముప్ఫయ్యేళ్ళుగా ఆ నిప్పు ముందు కూర్చున్న మనిషికి ఆ రెండు మాటలను ఏమని చెప్పను? "పక్కవాళ్ళకు ఇబ్బంది కలిగించే పనులంట మామా," అన్నాను.

"ఇబ్బందా? కోటప్పకొండకి పోయే ప్రభ బళ్ళకి పట్టాలేసేది ఎవురంట? ఆ స్వామికి లేని ఇబ్బంది ఈళ్ళకొచ్చిందా?" అని పట్టకారు కింద పారేశాడు.

పదకొండున్నరకు మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళాను. పథకం పటం అడిగితే చూపించాలి. అడగకపోతే ఎవరూ చూపించరు. పటంలో కాపురాలకు పసుపు రంగు, కార్ఖానాలకు ఊదా రంగు వేశారు. ఊరి నడుమ పొగ కక్కుతున్న పత్తి జిన్నింగు మిల్లుకు ఏ ఆంక్షా లేదు. పడమటన ఊదా రంగు వేసిన పొలాలు ఆ మిల్లు ఆసామివే. మేకలు కూడా మేయని చవిటి నేల. రంగు పడిన మర్నాటి నుంచి అందులో స్థలాలకు గిరాకీ!

"మిల్లు ముందునుంచీ ఉంది కదా, దాన్నెలా కదిలిస్తాం?" అన్నాడు గుమాస్తా.

"ఖాసిం మామ కొలిమి మిల్లు కంటే ముందునుంచీ ఉందండీ."

"రికార్డులో లేదు. అక్కడున్నవి కాపురాలే," అని సర్వే పుస్తకం తిప్పి చూపించాడు. పదిహేడో నంబరు, అంటే మామ ఇల్లు: నివాసం. పక్కన చిన్న అక్షరాలతో, ఇంటి ఆడవారు చెప్పినది. పదకొండు ఇళ్ళకూ అదే రాత, అదే తేదీ. గోడనున్న క్యాలెండరులో ఆ తేదీ వెదికాను. శుక్రవారం. వేళ, మధ్యాహ్నం ఒంటి గంట. నాకు ఒళ్ళు మండిపోయింది. శుక్రవారం ఆ వేళకు ఆ వీధి మగవాళ్ళంతా కొలిములు ఆర్పి మసీదులో ఉంటారు. వారంలో ఆ ఒక్క గంట సుత్తి చప్పుడు వినిపించదు. సర్వేయరు సరిగ్గా ఆ గంటలో వచ్చి, నిశ్శబ్దాన్ని రాసుకుపోయాడు.

నా రెండు పేజీల అర్జీ ఇచ్చాను. గుమాస్తా పైపైన చూసి, "భాష బాగుంది. కానీ చెప్పింది ఆ ఇళ్ళవాళ్ళే. చెప్పినవాళ్ళే వచ్చి కాదంటే రాసుకుంటా. నీ వాక్యాలతో పని జరగదు," అన్నాడు.

తిరిగి వచ్చి ఈ మాట చెబుతుంటే, పరదా వెనక నుంచి మామ భార్య హుసేన్‌బీ అత్త గొంతు వినిపించింది. "నేనే చెప్పా. మగోళ్ళు లేరు, ఎవురో కొత్తమనిషి వాకిట్లో నిలబడి ఇది దుకాణమా ఇల్లా అంటన్నాడు. దుకాణమంటే లోపలికొస్తాడు. ఇల్లే, పొమ్మన్నా."

"ఏమే, ఇన్నాళ్ళూ నాతో అనలేదేందే?" అన్నాడు మామ.

"అడిగావా?" అంది అత్త.

మిగిలిన పది ఇళ్ళల్లోనూ ఇదే జరిగిందట. పరాయి మగవాణ్ణి గుమ్మం దాటనివ్వకుండా అన్న మాట పటం మీద పసుపు రంగై కూర్చుంది. అదంతా విని అత్త, "జట్కా పిలవండి," అంది.

మూడున్నరకు పరదా కట్టిన జట్కా ఆఫీసు మెట్ల ముందు ఆగింది. అత్త దిగనంది. గుమాస్తా బయటికి రానన్నాడు. చివరికి మామ పెద్దగా పిలవడం మొదలుపెట్టేసరికి, జనం పోగవుతున్నారని గుమాస్తానే పుస్తకంతో మెట్లు దిగాడు.

"అయ్యా, ఆ రోజు పరదా ఎనకనించి ఇల్లని చెప్పింది నేనే. అది ఇల్లూ, దుకాణమూ. ఇప్పుడూ పరదా ఎనకనించే చెబుతన్నా. అప్పుడు నమ్మినోళ్ళు ఇప్పుడూ నమ్మాల."

గుమాస్తా పుస్తకం తెరిచి సిరా దిమ్మ అందించాడు. పరదా సందులోంచి బొటనవేలు బయటికి వచ్చింది. ముద్ర వేయించుకుని, "ఒక్క ఇల్లు మారితే వీధి రంగు మారదమ్మా. మిగతా పది?" అన్నాడు.

"అయిదింటిదాకా ఉంటావుగా, కూర్చో," అంది అత్త.

మిగతా పదిమందినీ తేవడానికి జట్కా నాలుగుసార్లు తిరిగింది. బాడుగ ఇవ్వబోతే జట్కావాడు నా చెయ్యి తోసేశాడు. "ఈ బండి చక్రాలకి పట్టా ఎవురేశారనుకున్నావు?" అయిదుకు పావుగంట ఉందనగా పదకొండో ముద్ర పడింది. మధ్యలో సిరా దిమ్మ ఎండిపోతే, అత్తే ఇంటి నుంచి నీళ్ళు తెప్పించింది.

తిరుగు బస్సు తప్పిపోయింది. డ్రైవరు చెప్పిందే నిజమైంది. మర్నాటి బస్సులో నా అర్జీ మళ్ళీ చదువుకున్నాను. 'అనాదిగా' మూడుచోట్ల ఉంది. కొలిమి అన్న మాట ఒక్కచోటా లేదు. ఊరికి పథకం ఉండకూడదని నేననను. తోళ్ళ గోదాము పక్కన బడి ఉండకూడదు, నిజమే. కానీ ఒక వీధి ఎలా బతుకుతుందో చూడకుండా దానికి రంగు వేయడాన్ని పథకమంటే నా మనసు ఒప్పుకోదు. చూసినా చూడనట్టుండి మిల్లును వదిలేయడాన్ని ఏమనాలో నేర్చుకున్న మాటల్లో నాకింకా దొరకలేదు. పై అధికారులు ఏం తేలుస్తారో తెలియదు. నేను బస్సెక్కేసరికి మాత్రం వీధిలో సుత్తులు మోగుతూనే ఉన్నాయి.

మీ వీధికీ ఇలాంటి కాగితం వస్తే పటం చూసి తిరిగిరాకండి. సర్వే పుస్తకం అడగండి, అందులో మీ ఇంటికి ఎదురుగా ఏ వారం, ఏ వేళ రాశారో చూడండి, ఆ రోజు వాకిట్లో మాట్లాడినవాళ్ళను వెంటబెట్టుకుని గడువు లోపల వెళ్ళండి.